ఆఫ్రికా గ్రహణానికి నిలబడ్డ రోకలి

నేను ఒక రోకలిని. చండ్ర చేవతో చేశారు నన్ను. అడుగున ఇనప పొన్ను తొడిగిన కమ్మరి గవరయ్య పని తెలిసినవాడు. ఆకురాయి పట్టి అడుగంతా చదును చేశాడు. అందుకే నేల మీద నిలబెట్టి వదిలేస్తే నిలబడతాను. దీపావళికీ నిలబడతాను, ఉత్త ఆదివారం నాడూ నిలబడతాను. ఇందులో రాహువు చేసేదేమీ లేదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి నాకు నోరు లేకపోయింది.

మొదట పచ్చళ్ళమ్ముకునే మంగతాయారు చేతిలో ఇరవై ఏళ్ళు కారం కొట్టాను. ఆవిడ తుమ్మేది, నన్ను తిట్టేది, అయినా పని ఇచ్చేది. ఆవిడ పోయాక తునిలో సూరాయమ్మ ఇంటికొచ్చి పడ్డాను. ఇక్కడ మిక్సీ ఉంది. నన్ను తలుపు మూల పడేసి, గ్రహణాలకి మాత్రం బయటికి తీసేది. ఇత్తడి పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి, మధ్యలో నిలబెట్టి, గ్రహణం పట్టిందని వీధి వీధంతా పిలిచేది. విడుపు వేళకి పళ్ళెం తీయబోయి తగిలిస్తే నేను పడేదాన్ని. అందరూ దణ్ణాలు పెట్టేవాళ్ళు. ఆవిడంటే నాకు ఒళ్ళు మంట.

రెండువేల ముప్ఫై నవంబరు ఇరవై ఐదు, కార్తీక సోమవారం, అమావాస్య. సంపూర్ణ సూర్యగ్రహణం నమీబియా, బోట్స్వానా, దక్షిణాఫ్రికాల మీదుగా సముద్రం దాటి ఆస్ట్రేలియాలో కనిపిస్తుందనీ, మన దేశంలో కనిపించదనీ, నియమాలు అక్కర్లేదనీ టీవీలో పొద్దుటి నుంచీ చెబుతూనే ఉన్నారు. సూరాయమ్మ వింటేగా!

"సూర్యుడు ఒక్కడే కదరా నూకరాజా! ఆఫ్రికాకొకడు, మనకొకడు ఉన్నారేంటి? ఉండు, రోకలి చెబుతుంది" అని కొడుకుని కసిరి నన్ను పళ్ళెంలో నిలబెట్టింది.

నిలబడ్డాను. ఏం చెయ్యను మరి!

ఇంకేముంది, కోడలు లోవకుమారిని నడిమి గదిలో పెట్టి, కిటికీలకి దుప్పట్లు కట్టింది. తొమ్మిదో నెల పిల్ల. తల్లి లేదు కాబట్టి తొలి పురుడు కూడా అత్తవారింట్లోనే. టీవీలో చూస్తే నమీబియాలో పట్టపగలు చీకటి పడింది, జనం ఆకాశం చూస్తూ కేరింతలు కొడుతున్నారు. ఇక్కడ ఎండ ఫెళ్ళున కాస్తోంది, పిల్ల చీకట్లో చెమటలు కక్కుతోంది.

పదకొండు గంటలప్పుడు గదిలోంచి అరుపు వినిపించింది. "అత్తా! ఉమ్మనీరు పోయింది. పచ్చగా వస్తన్నాయి నీళ్ళు. నర్సమ్మ చెప్పింది కదా, అలాగొస్తే గంట కూడా ఆగొద్దని!"

నూకరాజు తల్లి మొహం చూశాడు. గుమ్మం ముందే వాడి సొంత ఆటో, జేబులో తాళం. అయినా కాలు కదల్లేదు ఆ చవటకి.

"గడప దాటిందంటే బిడ్డకి గ్రహణం మొర్రొస్తాది. రోకలి పడేదాకా ఎవరూ కదలడానికి లేదు" అంది సూరాయమ్మ.

పడాలని నేనెంత ఏడ్చానో! గాలి రాలేదు, పిల్లి రాలేదు. గవరయ్య పనితనాన్ని ఆవేళ నోరారా తిట్టుకున్నాను. పావుగంట గడిచింది. పిల్ల మూలుగు సన్నబడింది. నా మూలంగా రెండు ప్రాణాలు పోతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. లోవకుమారి గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ నా దగ్గరికొచ్చింది. అత్త కళ్ళలోకి చూస్తూ నన్ను ఒక్క తన్ను తన్నింది. పళ్ళెం బోర్లా పడింది, పసుపు నీళ్ళు సూరాయమ్మ చీర మీదికి చిందాయి.

"పడింది అత్తా. విడిచేసింది నీ గ్రహణం. ఏమయ్యా, ఆటో తియ్యి!"

"రోకలిని కాలితో తంతావటే! కొంప ముంచావు కదే!" అని సూరాయమ్మ గుండెలు బాదుకుంది. నాకైతే ప్రాణం లేచొచ్చింది. అంత మంచి తన్ను ఈ జన్మలో తినలేదు.

ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారట. ఫోన్ రాగానే సూరాయమ్మ ముందు పెదవి సంగతి అడిగింది. బాగానే ఉందనగానే, "నేను రోకలి నిలబెట్టబట్టే కదా!" అని వీధంతా చెప్పుకొచ్చింది. విని పళ్ళు కొరుక్కుందామంటే నాకు పళ్ళు కూడా లేవు.

పదకొండో రోజు పురుడు స్నానం. లోవకుమారి పచ్చి బాలింత, పెరట్లో పీట మీద కూర్చుని, "ఆ రోకలిని నీళ్ళ పొయ్యిలో పెట్టు" అంది మొగుడితో. ఈసారి వాడు తల్లి మొహం చూడలేదు. ఒక చివర అంటుకుంది. రెండో చివర నుంచి మీకు ఈ కథ చెబుతున్నాను.

"ఒలమ్మో, రేపు మళ్ళీ గ్రహణం పడితే ఎలాగే?" అని సూరాయమ్మ పరుగున వచ్చింది.

లోవకుమారి పొయ్యి మీంచి కళ్ళు తిప్పలేదు.

"పడితే పట్టనీ అత్తా. ముందు పిల్లకి నీళ్ళు కాగనీ."