పూచీ నిండుకుంది

లాల్‌గడి మలక్‌పేట్ తృప్తికి తలుచుకుంటే ఒళ్లు మండే సంగతి ఒకటుంది. గజాలను గుంటలుగా లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి నలుగురూ కలిసి, జీతం బత్తెం లేకుండా రాశారు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. అందులో సగం రాత తృప్తిది. మొదటి లైనులో మాత్రం 'హక్కులు: అన్వేష్' అని ఉంటుంది. మొదలుపెట్టింది అతనేనట! నా పేరు కూడా పెట్టన్నా అని అడిగితే, "పేరు కోసమా చెల్లె మనం జేసేది? సేవ గదా" అనేవాడు బహదూర్‌పల్లిలో కూచుని.

ఆ పేరు మీదికే నోటీసు వచ్చింది. గుండ్లపోచంపల్లిలో ప్లాట్లు అమ్మే పరమేశ్ ఈ లెక్కను నమ్మి ప్రహరీ కట్టాడు. అది కాస్తా పక్కవాడి జాగాలోకి పోయింది. గుంటకు నూట ఇరవై ఒక్క గజాలైతే నూట ఇరవై అని కొట్టిన మహాతల్లి తృప్తే. అందుకే ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న జాగా కంటే ఎక్కువ గుంటలు చూపించింది. గోడ కూలగొట్టి మళ్లీ కట్టించే భారం సాఫ్ట్‌వేర్ హక్కుదారుడిదేనని నోటీసు సారాంశం.

అది అందిన పూటే మొదటి లైను మారిపోయింది. 'హక్కులు: తృప్తి'.

"గా లెక్క రాసింది నువ్వే గదా చెల్లె. ఎప్పటి సంది అడుగుతున్నవ్, పెట్టిన" అన్నాడు అన్వేష్ ఫోన్‌లో.

ఓరి నీ సేవ బంగారం గానూ! తృప్తికి ఏడుపొచ్చింది. తప్పు తనదే, కాదనదు. కానీ ఆ గోడ తన నెత్తిన పడితే బాపు అరెకరం అమ్ముకోవాల్సిందే.

ఇలా ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేర్లకు 'ఏ పూచీ లేదు' అని రాసిపెట్టడం మామూలే. తృప్తీ పైకి అనుకుంటూ అదే రాయబోయింది. పక్కన బియ్యం చెరుగుతున్న అవ్వ బుచ్చమ్మ ఊరుకోలేదు. "దీపం పెట్టే యాళ్ల లేదు, లేదు అంటవేందే? నిండుకుంది అనాలె" అంది. బియ్యం అయిపోయినా ఆ ఇంట్లో నిండుకున్నాయనే అంటారాయె. అపశకునం ఎందుకులెమ్మని తృప్తి 'పూచీ నిండుకుంది' అని రాసి నవ్వుకుంది.

నోటీసు సంగతి తేల్చుకుందామని తృప్తి మేడ్చల్ వెళ్తే, పరమేశ్ తరఫు వకీలు ఆ ముక్కనే పట్టుకున్నాడు.

"పూచీ నిండుగ ఉన్నదని నువ్వే రాసినవ్ గదమ్మా!"

తృప్తి అతన్ని వదిలేసి పక్క కుర్చీలో ఉన్న పరమేశ్ వైపు తిరిగింది.

"పెదనాయినా, ఇంట్ల బియ్యం నిండుకున్నయని పెద్దమ్మ అన్నదనుకో, ఏం జేస్తవ్?"

"ఏం జేస్త? జల్దీ దుకాణంకు ఉరుకుత" అన్నాడు పరమేశ్.

వకీలు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. పరమేశ్ ఆయన ముఖం చూసి, "నోరు జారితినా సాబ్?" అన్నాడు.

"లెక్క తప్పింది నేనే పెదనాయినా, మాఫ్ జెయ్యి. ఇప్పుడు సరిజేసిన" అంది తృప్తి. "గని సర్వేయరును పిలవకుండ గోడ లేపుడేంది?"

"ఊరికే దొరికిందని వాడితి" అని గొణుక్కుంటూ పరమేశ్ లేచాడు. గోడ సంగతి తానే చూసుకుంటానన్నాడు.

సంగతి తెలిసి అన్వేష్ సాయంత్రమే ఫోన్ చేశాడు. అప్పటికే తృప్తి మొదటి లైను తిరగరాసింది. 'ఎవరు రాసిన ముక్క వాళ్లది. పూచీ లేదు.'

"గండం గడిచింది గదా చెల్లె" అన్నాడు అన్వేష్ హుషారుగా. "మరి పైన మళ్ల నా పేరు పెట్టినవా?"

"నీ పేరా అన్నా?" అంది తృప్తి. "నిండుకుంది."