హస్తవాసి

"కాస్త నవ్వు మొహం పెట్టు. నా మందుతో లేచి తిరుగుతున్న మనిషివి, అలా ఏడుపుమొహంతో కూర్చుంటే ఎవరు నమ్ముతారు?" అన్నాడు మొగుడు, వీడియో తీయడానికి మందుసీసాల మధ్య ఫోన్ నిలబెడుతూ.

ఆమెకు నవ్వు రాలేదు. పొద్దున్నే వేర్లు దంచి, రసం వడకట్టి, విటమిన్ బిళ్ళలు పొట్లాలు కట్టి, వంట ముగించుకుని వచ్చి కూర్చుంది. ఆస్పత్రి నుంచి వచ్చి ఇరవై రోజులు కూడా కాలేదు. ఎడమచేతి చూపుడువేలు సగమే మిగిలింది. ఏం చెప్పాలో ఆయనే కాగితం మీద రాసిచ్చాడు. రక్తంలో విషం పాకితే ఆయన మూలికల రసమూ విటమిన్లూ ఆమెను నిలబెట్టాయట. ఇంజక్షన్ల ఊసు లేదు, కోసేసిన వేలి ఊసు అసలే లేదు.

తెరిచిన తలుపవతల బెంచీ మీద ఒక తల్లీ, పెద్దకూతురూ ఎదురుచూస్తున్నారు. మేకు గుచ్చుకుని కూతురి పాదం ఉబ్బిపోయింది. పిల్ల వణుకుతోంది. "ఇదే జబ్బు మా ఇంటిదానికే నయం చేశానమ్మా, ఆ మాట ఆవిడ నోటే విని వెళ్ళండి" అని ఆయన వాళ్ళను కూర్చోబెట్టాడు.

ఆయన హస్తవాసి గొప్పదని చుట్టుపక్కల చెప్పుకుంటారు. ఎందుకు చెప్పుకోరు? చలిజ్వరంతో, మాట తడబడుతూ ఎవరైనా వస్తే, మందులిచ్చే కిటికీ దగ్గర ఈవిడే వంగి, "ముందు పెద్దాసుపత్రికి పరిగెత్తండి, ఇది తర్వాత తోడుగా వాడుకోండి" అని గుసగుసగా చెప్పేది. వాళ్ళు వెళ్ళి, సూదిమందులు పడి, బతికి, పండ్ల బుట్టతో వచ్చి ఆయనకే చేతులు జోడించేవారు. ఆయన పేరు తన పేరు కాదా అని మురిసిపోయేది, పిచ్చిది.

తన వంతు వచ్చినప్పుడు గుసగుసగా చెప్పడానికి కిటికీలో ఎవరూ లేరు. వేర్లు తరుగుతుంటే వేలు తెగింది. రెండో రోజుకు ఎర్రటి గీత మోచేతిదాకా పాకింది, పళ్ళు టకటకలాడాయి. "ఆస్పత్రికి తీసుకెళ్ళండి" అని నోరు తెరిచి అడిగింది. "నా పెళ్ళానివి నువ్వే అక్కడికి పోతే నా గుమ్మం ఎవరు తొక్కుతారు? రసం మోతాదు పెంచుతాలే" అన్నాడు. అత్తగారు మంచం మీంచి, "వేలు తెగితే ఇంత రాద్ధాంతమా? మాకు తెగలేదా?" అంది. తాను కాచిన రసమే తాను తాగింది. ఆ జ్వరంలోనే వండి వడ్డించింది. మూడో రోజు వంటింట్లో నిలబడితే పొయ్యి వెలిగించడం ఎలాగో గుర్తు రాలేదు. అప్పుడు వేసింది భయం. చెప్పులు కూడా వేసుకోకుండా బస్సెక్కింది.

"మూలికలూ విటమిన్లూ తోడుకైతే సరే, అదీ మమ్మల్ని అడిగే వాడాలి" అంది ఆస్పత్రిలో డాక్టరమ్మ. "ముందు క్రిముల్ని చంపే మందు పడాలి. గంటలు గడిచేకొద్దీ మనిషి చేజారిపోతుంది. ఆ గీత కనిపించిన రోజే వచ్చుంటే వేలు దక్కేదేమో."

"ఊఁ, మొదలెట్టు" అన్నాడు మొగుడు, ఫోన్ ఆమె వైపు తిప్పి.

బెంచీ మీద తల్లి కూతురి బుగ్గ తడుతోంది. పిల్ల కళ్ళు తెరిచింది కానీ తల్లిని గుర్తుపట్టినట్టు లేదు. పొయ్యి ముందు తనకూ ఇలాగే అయింది. నిజం చెబితే ఈ ఇంట్లో రేపటి నుంచి ముద్ద మింగనివ్వరు. చెప్పకపోతే ఆ పిల్లకు రేపే లేదేమో.

లేచి నిలబడింది. "అమ్మా, ఈ మందు చేసింది నేను. మూడు రోజులు తాగిందీ నేనే. నన్ను బతికించింది ఆస్పత్రి. పిల్లను లేపండి, ఇప్పుడే వెళ్దాం, నేనూ వస్తా."

ఆయన ఫోన్ లాక్కుని, "ఏంటా అరుపులు? బయటంతా వినపడుతోంది!" అన్నాడు.

ఆమె అప్పటికే పిల్ల చెయ్యి తన భుజం మీద వేసుకుంది.

"ఇన్నేళ్ళూ గుసగుసగా చెప్పి మీకు పేరు తెచ్చాను," అంది. "ఇక గట్టిగానే చెప్తాను."