తెల్ల ట్రే

మా ఫ్రిజ్ ఒక మధ్యాహ్నం మూలుగు ఆపేసింది. కబురు పెడితే వచ్చిన మెకానిక్ వెనక పలక విప్పి చూసి పెదవి విరిచాడు.

"కంప్రెసర్ పోయింది సార్. రేపు కొత్తది తెచ్చి వేస్తాను. ఈలోగా పైన గడ్డకట్టినవేమన్నా ఉంటే తీసెయ్యండి. ఎలాగూ కరిగిపోతాయి."

పైన ఉన్నవి రెండే: ఒక నీలం ట్రే, ఒక తెల్ల ట్రే. రెండింటిలోనూ ఐసు ముక్కలు. రెండూ మా ఆవిడ చేసి పెట్టినవి. నెల కిందట ఒక ఉదయం నాకు కాఫీ ఇచ్చి, పెరట్లోకి వెళ్లి, అక్కడే కూలి ప్రాణం విడిచిన మనిషి ఆ ముందు రోజు చేసిన పని అది. ఆమె చీరలూ, కళ్లజోడూ, దువ్వెనా ఇంట్లోనే ఉన్నాయి. కాని అవి ఆమె వాడినవి. ఆమె చేతులతో చేసినవాటిలో నాకు మిగిలినవి ఈ ఐసు ముక్కలు మాత్రమే. ఆత్మ ఉందనీ, అది ఎక్కడికో వెళుతుందనీ నేను నమ్మను. మనిషి పోయిన తరువాత మిగిలేది ఆ మనిషి చేసిన పనేనని జీవితమంతా వేదికలెక్కి చెప్పినవాణ్ణి. ఆ వాదం చివరికి ఒక ఫ్రిజ్ పైఅరలోకి వచ్చి నిలబడుతుందని ఊహించలేదు.

ఆ ఐసు మా ఇంట్లో చేసే ఒక పానీయం కోసం. దానికి 'మంటనీళ్లు' అని పేరు పెట్టినవాడు నా స్నేహితుడు ప్లీడరు. అందులోకి కావలసినదంతా దాదాపు మా పెరట్లోనే దొరికేది. కీరదోస తురిమి పిండిన రసం, పుదీనా, నిమ్మకాయ, కుండీలో పెంచిన అల్లం, చిటికెడు ఉప్పు, కొద్దిగా చక్కెర. ఇందులో మంట ఎక్కడుందని ఎవరైనా అడగవచ్చు. మంట ఐసులో ఉండేది. పచ్చిమిరపకాయలు నూరి, నీళ్లలో కలిపి, గుడ్డలో వడకట్టి, ఆ నీళ్లను ఆమె గడ్డకట్టించేది. అందువల్ల మొదటి గుక్క చల్లగా, అమాయకంగా దిగుతుంది. ఐసు కరిగేకొద్దీ కారం పైకి వస్తుంది. గ్లాసు అడుగు కనిపించే వేళకు తాగేవాడికి కళ్లూ ముక్కూ ఏకమవుతాయి.

ఆదివారం సాయంత్రాలు మా వరండాలో దీన్ని తాగడానికి ప్లీడరూ, లెక్కల మాస్టారూ వచ్చేవారు. మహిమలనీ అద్భుతాలనీ చెప్పేవాటిని పరీక్షించి గుట్టు విప్పే ఒక చిన్న సంఘం మాది. చివరికి సభ్యులుగా మేం ముగ్గురమే మిగిలాం. గ్లాసు సగం అయ్యేసరికి వాళ్లిద్దరూ జేబురుమాళ్లు తీసేవారు. నేను తీసేవాణ్ణి కాదు.

"కారం రుచి కాదు," అని వివరించేవాణ్ణి. నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేసి రిటైరయినవాడికి వివరించే జబ్బు పోదు. "నాలుక మీది నరం పొరపాటు పడి, కాలకుండానే కాలిందని మెదడుకు కబురు పంపుతుంది. అది పొరపాటని తెలిసినవాడికి కన్నీళ్లెందుకు వస్తాయి?"

"నీది నాలుకా, తోలు ముక్కా?" అనేవాడు ప్లీడరు, ముక్కు తుడుచుకుంటూ.

"ఆయనకి భ్రమలు అంటవులెండి," అనేది మా ఆవిడ, గ్లాసులు తీసుకుని లోపలికి పోతూ. వాళ్లవి గాజు గ్లాసులు, నాది స్టీలుది. ఎప్పుడో ఒక గాజు గ్లాసు పగలగొట్టినందుకు నాకు వేసిన శిక్ష అని చెప్పేది. నమ్మాను. ఆధారం లేకుండా నేను నమ్మిన విషయాల్లో అది ఒకటి.

మెకానిక్ వెళ్లగానే పక్కింటివాళ్లనడిగి ఒక థర్మాస్ తెచ్చాను. చిన్నది. అందులో ఒక్క ట్రే ముక్కలే పడతాయి. అంటే రెండింటిలో ఏది ఉంచాలో నిర్ణయించుకోవాలి.

నాకు తెలిసిన పద్ధతిలోనే నిర్ణయించాను. నీలం ట్రేలోని ముక్క నాలుకకు తాకించాను. నిప్పు. నోరు పుక్కిలించి, కాసేపాగి, తెల్ల ట్రేలోని ముక్క తాకించాను. మిరపకాయ వాసన ఉంది, ఏదో కొంచెం చురుకు ఉంది, అంతే. ఒకే చోట తీసిన రెండు నమూనాల్లో ఒకటి పలచగా వస్తే అందులో నీళ్లు కలిశాయని మా ప్రయోగశాలలో అనుకునేవాళ్లం, దాన్ని పారబోసేవాళ్లం. వడకట్టిన పిప్పిలో మళ్లీ నీళ్లు పోసి, వృథా చెయ్యడం ఇష్టంలేక ఆమె ఈ రెండో ట్రే నింపి ఉంటుందని తేల్చుకున్నాను. నీలం ట్రేలోని ముక్కలు థర్మాస్‌లో వేశాను. తెల్ల ట్రే పెరట్లోకి తీసుకెళ్లి మిరపమొక్క మొదట్లో బోర్లించాను. అసలైనది నిలబెట్టుకున్నానన్న తృప్తి కూడా కలిగింది.

మర్నాడు ఫ్రిజ్ బాగయింది, థర్మాస్‌లోని ముక్కలు మళ్లీ నీలం ట్రేలో సర్దాను. ఆ తరువాతి రోజు మా మరదలు వచ్చింది, అక్క బీరువా సర్దడానికి. ఆదివారం ప్లీడరునీ, మాస్టారునీ పిలిచాను. ఫ్రిజ్ ఇంకోసారి ఆగితే ఈ ట్రే కూడా పోతుంది. కరిగిపోయేదాన్ని కాపలా కాయడంకంటే, దాని రుచి తెలిసిన నలుగురం కలిసి తాగడం నయమనిపించింది.

మరదలు పనిలోకి దిగింది.

"బావా, రెండు నిమ్మకాయలు తెండి. కొమ్మ విరిచేరు! కాయని మెలితిప్పితే అదే వస్తుంది."

"తెలుసు."

"ఏం తెలుసు? మొన్న మా అక్క చెట్టుని బోడిగుండు చేశారు." కీరదోస తురుముతూనే నా చేతిలోని పుదీనా లాక్కుంది. "నలిపితే చేదొస్తుంది. ఇలా అరచేతిలో వేసి ఒక్క చరుపు చరచండి. అంతే."

రసం సిద్ధమయింది. ఐసు మాత్రం నేనే వేస్తానన్నాను. ఆమె నావైపు ఒకసారి చూసి, గిన్నెలు కడగడానికి అటు తిరిగింది. నీలం ట్రే తీసి ముక్కలు మూడు గాజు గ్లాసుల్లో వేశాను. అలవాటు చొప్పున నాకు స్టీలు గ్లాసే తీసుకుని, అందులోనూ అవే ముక్కలు వేసుకున్నాను.

అందరం మొదటి గుక్క తాగాం. మాస్టారు గ్లాసును వెలుతురుకెత్తి చూసి దించాడు. నేను ఎప్పటిలాగే, కొంచెం కొంచెంగా, ఏ మాత్రం అనుమానం లేకుండా తాగుతున్నాను. గ్లాసు సగానికి వచ్చింది. గొంతులో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది. దగ్గాను. దగ్గుతూనే ఉన్నాను. చెవుల్లోంచి ఆవిర్లు వస్తున్నాయి, కళ్ల వెంట నీళ్లు ధారకట్టాయి.

ప్లీడరు లేచి వచ్చి నా వీపు మీద చెయ్యి వేశాడు. "ఏడుపొస్తే ఏడువు. మధ్యలో ఈ దగ్గెందుకు?"

"ఏడుపు కాదు," అన్నాను ఎలాగో. "కారం. ఇవాళ కారం మరీ ఎక్కువ."

వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎప్పటి కారమే కదా," అన్నాడు మాస్టారు. "నాకేం తేడా తెలియలేదు."

గుమ్మంలో నిలబడిన మరదలి ముఖం పాలిపోయింది.

"బావా, మీ గ్లాసులో ఏ ఐసు వేశారు?"

"నీలం ట్రేలోది."

"తెల్ల ట్రే ఏది?"

"అది పలచబడింది. పారబోశాను."

ఆమె గడప మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏమైందని అడగడానికి భయం వేసింది, అయినా అడిగాను.

"తెల్లది మీది బావా," అంది. "పెళ్లయిన కొత్తలో ఒకసారి ఇది తాగి, తెల్లవార్లూ కడుపు పట్టుకుని కూర్చున్నారట కదా. పొద్దున్న అడిగితే నాకేం కాలేదే అన్నారట. అక్క ఎన్నిసార్లు చెప్పి నవ్విందో. అప్పట్నుంచీ మీకు వేరేగా చేసేది. రంగు తేడా కనిపించకూడదని స్టీలు గ్లాసు."

"నాతో ఒక్క మాట చెప్పవచ్చు కదా!"

"చెబితే మీరు మానేస్తారు. లేదా పంతానికి ఈ మంటే తాగుతారు. మీరు అందరితో కూర్చుని తాగాలి, మీకేమీ కాకూడదు. అదీ తన గొడవ."

ఇన్నేళ్లుగా నా మీద వేయాల్సిన జోకు దొరికిన వేళ, ప్లీడరు ఖాళీ గ్లాసులు పోగుచేశాడు. వాటిని తనే ఎత్తుకెళ్లి కడిగి బోర్లించి, మాస్టారును వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు.

"అందులో ఏం వేసేది?" అని మరదలిని అడిగాను.

"అడిగితే చెప్పలేదు. గింజలు తీసేసేదేమో. మిరియాలేమో. 'మీ బావకి వాసన చూపిస్తే చాలు, మిగతాది ఆయనే అనుకుంటాడు,' అనేది."

ఆ వారమంతా వంటింట్లో ప్రయత్నించాను. గింజలు తీసిన మిరపకాయలు, గింజలతో ఉన్నవి, వేడినీళ్లలో ఒక్కసారి ముంచి తీసినవి, మిరియాలు కలిపినవి, అల్లం ఎక్కువ వేసినవి. ప్రతిదాన్నీ గడ్డకట్టించి, నాలుకకు తాకించి చూశాను. ఇబ్బంది ఎక్కడంటే, దేనితో పోల్చాలో నాకు తెలియదు. ఎన్నో ఏళ్లు తాగినది కారమనుకుని తాగాను. చివరిసారి తాకినది చెడిపోయిందనుకుని తాకాను. నా కోసం చేసిన రుచిని ఉన్నది ఉన్నట్టుగా నేను ఒక్కసారి కూడా చూడలేదు.

మరదలు ఊరికి బయలుదేరే సాయంత్రం పెరట్లోంచి కేకేసింది. "బావా, మిరపమొక్క తల వేలాడేసింది. దీనికి నీళ్లు పోయడం లేదా?"

మిగిలిన మొక్కలన్నిటికీ పోస్తూనే ఉన్నాను. దానికి మాత్రం పోయలేదు. మట్టిలో పడిన నీరు ఎంతసేపు నిలుస్తుందో, ఎలా ఇంకుతుందో, ఎలా ఆవిరవుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఆ వీధిలో లేరు. అక్కడ ఏమీ మిగిలి ఉండదని తెలుసు. అయినా నీళ్లు పోస్తే, ఆ తెల్ల ట్రేలోది ఇంకా కిందికి దిగిపోతుందనిపించింది.

"చచ్చిపోతుంది బావా. అక్క పెట్టిన మొక్క. చెంబు ఇటివ్వండి."

చెంబు నా చేతిలోనే ఉంది. నిండుగానే ఉంది.

"రేపు పోస్తాను," అన్నాను.