మచ్చల చిత్తరువు

కార్తికమాసారంభమున వర్షధారాధౌతమగు గగనతలము నీలోత్పలదళచ్ఛాయ వహించి సముద్రముతో నేకమై యెచ్చట మిన్ను ముగియునో యెచ్చట మున్నీరు మొదలగునో చూపరులకు దెలియరాని యొక ప్రాతఃకాలమున భీమునిపట్టణపు రేవున ధూమనౌక యొకటి లంగరు వైచి నిలిచియుండెను. వాడుకలో రంగమనబడు రంగూను నగరమునకు గూలికి బోవు జనులు మూటలను శిరములపై దాల్చి బంధువుల కన్నీళ్ల నడుమ పడవలకై నిరీక్షించుచుండ సరుగుడుతోపులనుండి వీచు చల్లగాలి వారి యుత్తరీయముల నెగురవైచుచుండెను. ఆ జనసమ్మర్దమునకు బిలిచినంత దూరమున నెర్రపెంకుల కప్పుగల చిన్న మందిరముపై లక్కోజు భద్రాచార్యులు ఛాయాచిత్రకారుడు అను పలక వ్రేలాడుచుండెను. ఓడ వచ్చిన దినమున గూడ నా మందిరద్వారమున నొక్కజత చెప్పులైన విడువబడి యుండలేదు.

ఆ భద్రాచార్యులు దేవతావిగ్రహములు మలచు శిల్పుల వంశమున జన్మించినవాడు. తండ్రి యులి పట్టగా దాను గాజుకన్ను గల పేటికను బట్టెదనని చెన్నపట్టణమున కరిగి యొక దొరయొద్ద నాలుగేండ్లు సేవచేసి యా విద్య నభ్యసించి భార్యయగు వరహాలమ్మ నగలను విక్రయించి పరికరములు సమకూర్చుకొని స్వస్థలమున నంగడి తెరచెను. వెలుగు దేనిని జూపునో దానినే చూపుట తన విద్యకు ధర్మమని యతని నమ్మకము. ప్రారంభమున వచ్చిన నూనెల వర్తకుడొకడు తన చిత్తరువునందు గన్నుల క్రింది సంచులను గుంటలు పడిన చెక్కిళ్లను గాంచి మొగము ముడిచి "ఆచారిగారూ, మా నాన్నగారు పోయే ముందు ఇలా ఉండేవారండీ. ఇది నేను కాదు" అని దానిని బల్లపై విడిచి వెడలిపోయెను. భద్రాచార్యులు దానిని వాకిటి వెలుగునకు దెచ్చి పలుమారులు పరికించెను. అందొక్క గీతయు నసత్యము గాదు. అసత్యము లేని వస్తువును జూచి మనుష్యుడేల కోపించునో యతనికి బోధపడలేదు.

ఇట్లాఱు మాసములు గడచిన పిమ్మట వరహాలమ్మ యొకనాడు భర్త చేతినుండి యా నూనెల వర్తకుని గాజుపలకను దీసికొనెను. ఛాయాచిత్రవిద్యయందు మొదట రూపము గాజుపలకపై వెలుగునీడలు తారుమారై ముద్రితమగును. ఆ పలకక్రింద గాగితముంచి యెండ దగిలించినచో నిజరూపము వెలువడును. ఆమె బొమ్మలకు గన్నులు దీర్చు నింటి యాడుబిడ్డ. సూదిమొనవలె జెక్కిన సీసపుకడ్డీతో నా పలకపై ముడుతలను బూడ్చి మచ్చలను మాపి చెక్కిళ్లను నునుపుజేసి భర్త కందిచ్చి "ఇప్పుడు దీని ప్రతి తీసి పంపించి చూడండి" అనెను. నూనెల వర్తకుడు మూడు ప్రతులు గొనిపోయెను.

అది మొదలు వారి వ్యాపారము వర్షాకాలపు నదివలె బెరిగెను. ఓడ వచ్చు దినములందు రంగమునకు బోవు యువకులు తమ తల్లులకును భార్యలకును విడిచిపోవుటకై చిత్తరువులు దీయించుకొన బారులు దీరిరి. చొక్కాలేని వారికై భద్రాచార్యులు నల్లని కోటొకటి కుట్టించియుంచెను. ఒకడు విప్పినదానిని మఱియొకడు తొడిగికొని యదే కుర్చీయందు గూర్చుండుచుండెను. పలకలు గుట్టలుగా బేరుకొనగా స్థలము చాలక భద్రాచార్యులు కొన్నింటిపై బూత గీకించి పటములు కట్టువానికి గాజుగా నిచ్చివేసెను. ఇంత యభివృద్ధి గలిగియు నతని మనస్సున నేదియో కలత కదలాడుచుండెను. తాను నిజము జూపినపుడు రాని జను లిపుడేల వచ్చుచున్నారు? వారు గొనిపోవునది తన పనియా భార్య పనియా? ఈ ప్రశ్నలతోనే యతడు పనిలో మునిగిపోవుచుండెను.

రెండేండ్లకు బిమ్మట నొక యుదయమున పైడమ్మ యను వృద్ధస్త్రీ యంగడి మెట్టుపై వచ్చి కూర్చుండెను. ఆమె గోనెలు కుట్టి జీవించునది. ఆమె యేకైకపుత్రుడు పోలయ్య రంగమున బియ్యపుమిల్లులో బనిచేయుచు జ్వరముచే మరణించెనని నెలక్రితమే వార్త వచ్చెను.

"బావూ, ఓడెక్కే ముందు మా గుంటడు మీకాడ బొమ్మ దీయించుకున్నాడు. నాకిచ్చి ఎల్లినాడు" అని యామె చెప్పెను.

"ఆ బొమ్మ తెచ్చావా అమ్మా?" అని భద్రాచార్యు లడిగెను.

"ఏటి తెచ్చీది? పొయ్యిలో ఎట్టీసినాను. సిన్నప్పుడు అమ్మోరు పోసి మా వోడి మొకమంతా మచ్చలే. ఆ బొమ్మలో ఒక్క మచ్చ నేదు. ఎవుడో జమీందారు కొడుకునాగున్నాడు. బతికున్నన్నాళ్లూ నవ్వుకున్నాను. సచ్చిపోయినాక ఆ మొకం సూస్తే ఏడుపు కూడా రానేదు బావూ. మచ్చలున్న బొమ్మ ఇయ్యి."

లోపల నున్న వరహాలమ్మ చేతిలోని సీసపుకడ్డీని బల్లపై బెట్టి లేచెను.

దంపతు లిరువురును పలకలపెట్టెలు దెఱచిరి. వానిపై నంకెలు లేవు పేరులు లేవు. ఒక్కొక్కదానిని వెలుగున కెత్తి చూచిరి. నలుబదిముగ్గురు యువకు లొక్కటే నల్లకోటు తొడిగికొని యొక్కటే కుర్చీయందు గూర్చుండి యొక్కటే నునుపైన చెక్కిలితో జూచుచుండిరి. తన చేత నింతమంది యొకే తల్లి బిడ్డలుగా మాఱిరని వరహాలమ్మకు నాటివఱకు దోచలేదు. పోలయ్య వీరిలో నెవ్వడో దెలియదు. అసలు వీరిలో నున్నాడో పటముగాజై యే యింటి గోడకు జేరెనో యదియు దెలియదు.

ఆమె కొంగు బిగించి టర్పెంటైను నూనెలో గుడ్డ ముంచి పలకలపై దాను దిద్దిన దిద్దుబాటు నంతయు గడుగ నారంభించెను. భర్త వానిక్రింద గాగితములుంచి యెండకు బెట్టుచుండెను. మాపబడిన ముఖములు మరల మేల్కొనినట్లు ఒకనికి మెల్లకన్నును ఒకనికి దెగిన పెదవియు ఒకనికి నుదుట గాయపుగీతయు వెలువడెను. మెట్టుపై గూర్చున్న పైడమ్మ యొక్కొక్క కాగితమును జూచి కాడని తలయూపుచుండెను. మధ్యాహ్నము దిరిగినది. నూనె ఘాటునకు వరహాలమ్మ వ్రేళ్లు పొక్కిపోయెను. ముప్పదియేడవ కాగితమున మశూచికపు మచ్చలతో నిండిన ముఖమొకటి గనబడెను. పైడమ్మ దానిని జాలసేపు చూచెను. వరహాలమ్మ చేతులవైపును జూచెను.

"ఈడే" అని దానిని బైటకొంగున జుట్టుకొని లేచెను.

నాటినుండి యా యంగడి రీతి మాఱెను. ప్రతి పలక మూలయందు నంకె చెక్కబడెను. కోరినవారికి దప్ప దిద్దుబాటు చేయబడదయ్యెను. దిద్దుటకు ముందు నిజరూపపు ప్రతి యొకటి విధిగా దీసి దాచబడుచుండెను. కోటు మూలబడెను. మొదట రాక తగ్గినను కాలక్రమమున వింతయొకటి జరిగెను. దిద్దిన చిత్తరువు గొనిపోయినవారే యేండ్లు గడచినమీదట వచ్చి తమవారి నిజరూపము గావలయునని యడుగసాగిరి. ఓడలు రాని మాసములందును నంగడి నడచెను. అసత్యముచే బుట్టిన వ్యాపారము సత్యముచే నిలిచెనా లేక రెండును గలసి నిలిపెనా యని భద్రాచార్యులు పలుమా రాలోచించి యొకనాడొకటియు మఱునాడు మఱియొకటియు నిశ్చయించుచుండెను.

పైడమ్మ చిత్తరువు గొనిపోయిన మఱుసటి ఫాల్గునమున రంగమునుండి తిరిగివచ్చిన అప్పలస్వామి యను యువకు డంగడి కేతెంచి తనకు మఱియొక ప్రతి గావలయునని కోరెను. అతని ముఖమున నిండుగా మశూచికపు మచ్చలుండెను. భద్రాచార్యుల కా ముఖము సుపరిచితము. తాను తన చేతులతో నెండకు బెట్టిన ముఖమది. పైడమ్మ తన కొడుకని యా చిత్తరువును గొనిపోయి దీపము పెట్టుచుండుటవఱకు జరిగినదంతయు నతనికి దెలిపెను.

అప్పలస్వామి వెలవెలబోయి "బతికున్నోడి బొమ్మకి దీపమెట్టినారా బావూ? నా పెల్లాం కడుపుతో ఉన్నాది. తీయించీయండి. ఆ బొమ్మ గోడమీంచి ఇప్పుడే తీయించీయండి" అని పట్టుబట్టెను.

అతని భయము న్యాయమైనది. పైడమ్మ దుఃఖమును న్యాయమైనదే. ఒక తల్లి రెండవమాఱు పుత్రుని గోల్పోవునట్లు చేయుటెట్లో తెలియక భద్రాచార్యులు అప్పలస్వామిని వెంటబెట్టుకొని దారిపొడవునను మాటలు కూర్చుకొనుచు జెదరగొట్టుకొనుచు నడచెను. ఆమె గుడిసెలోని గోడపై చిత్తరువు పసుపుకుంకుమలతో నుండెను. ఎదుట బ్రమిద యుండెను. పైడమ్మ గోనె కుట్టుచు దలయెత్తి గుమ్మమున నిలిచిన యువకుని జూచెను. గోడవైపు జూడలేదు.

"అమ్మా, నా వల్ల పొరపాటు జరిగింది..." అని భద్రాచార్యు లారంభించెను.

"నాకు తెల్దేటి బావూ? మా గుంటడి మచ్చలు నాకు తెల్దేటి? ఆ పొద్దే తెలుసు. మా వోడికి ఎడమకన్ను కింద ఒక్కటే పెద్దది. ఈ బాబుకి కుడేపున ఉన్నాది."

"మరి ఈడే అన్నావేమమ్మా?"

"అమ్మగోరి సేతులు పొక్కిపోనాయి. పొద్దున్నుంచీ ఇద్దరూ కూడెరగరు. ఇంకా నేదు, ఇంకా నేదు అని ఎన్ని సార్లనీది? మచ్చలున్న మొకం ఒకటి దొరికినాది. నాకు సాలనుకున్నాను."

ఆమె లేచి చిత్తరువును దించి కొంగుతో గుంకుమను దుడిచి యప్పలస్వామి చేతిలో బెట్టి యతని చెక్కిలిని దన వ్రేళ్లతో దడవి "నూరేళ్లు బతుకు నాయనా. మీ యమ్మకియ్యి" అనెను. భయముతో వచ్చిన యా యువకుడు వంగి యామె పాదముల నంటెను. భద్రాచార్యులు తన చిత్తరువుశాలలో నాటివఱకెవ్వరు నెవ్వరిని మోసగించిరో లెక్కకందక వెలుపలికి వచ్చెను.

కొన్ని దినములకు బిమ్మట దీపములు పెట్టు వేళ నా దారిని బోవుచు నతడు తెరచియున్న తలుపులోనికి జూచెను. గోడపై జిత్తరువు వ్రేలాడినంతమేర పొయ్యిపొగ సోకక సున్నము చతురస్రముగా దెల్లగా మిగిలియుండెను. పైడమ్మ యా తెల్లని చోటికి బొట్టుపెట్టి దానియెదుట బ్రమిద వెలిగించి దానిని దదేకదృష్టితో జూచుచు నేదియో మెల్లగా మాటలాడుచుండెను. భద్రాచార్యులు వీధిలో నిలిచిపోయెను. తాను తన జీవితమున దీసిన చిత్తరువులలో నంతటి పోలిక యే యొక్కదానికైన గుదిరెనో లేదో యతడు నాడు నిర్ణయింపజాలడయ్యెను. తరువాతను నిర్ణయింపలేదు.