గీతకు అటూ ఇటూ అరంగేట్రం

భానుమతి అమెరికాలోని అరోరాలో కూచిపూడి నేర్పుతుంది. ఆమె మొదటి శిష్యురాలు అనన్య. సరిగ్గా అరంగేట్రం అనుకునే సమయానికి అనన్య తండ్రి వీసా గడువు ముగిసి, కుటుంబమంతా మాంట్రియల్ వెళ్లిపోయింది. భానుమతికేమో గ్రీన్‌కార్డ్ పెండింగ్. అమెరికా దాటి వెళ్తే తిరిగి రానిస్తారో లేదో తెలియదు. రెండేళ్లు స్కైప్‌లోనే పాఠాలు సాగాయి.

2012 అక్టోబర్‌లో అనన్య తల్లి లీలావతి ఫోన్ చేసింది.

"భానూ, వెర్మాంట్‌లో ఒక లైబ్రరీ ఉంది. సరిగ్గా బోర్డర్ మీదే కట్టారట! మేడమీద థియేటర్. సీట్లు మీ అమెరికాలో, స్టేజీ మా కెనడాలో. బుక్ చేసేశాను!"

భానుమతి, భర్త చక్రపాణి బర్లింగ్టన్‌లో విమానం దిగి, రెండు గంటలు డ్రైవ్ చేసి వెళ్లారు. లోపల ఎటైనా తిరగవచ్చనీ, బయటికి వెళ్లాక మాత్రం ఎవరి దేశానికి వాళ్లు వెళ్లాలనీ లైబ్రేరియన్ చెప్పింది. అయినా స్టేజీ ముందు నేలమీద సరిహద్దు గుర్తుగా గీసిన నల్లగీత చూడగానే భానుమతి కాళ్లు ఆగిపోయాయి.

"ఆంటీ!" అంటూ అనన్య గజ్జెలతో పరుగెత్తుకొచ్చి, గీత దాటి ఆమెను వాటేసుకుంది. ఎంత పొడుగైందో!

"నట్టువాంగం రికార్డ్ చేసిందే పెట్టు. నేను గీతకు ఇవతలే, మొదటి వరసలో కూర్చుంటాను," అంది భానుమతి.

ముప్పైమంది చూస్తుండగా అనన్య ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి తరంగం మొదలుపెట్టింది. మధ్యలో, పళ్లెం ముందుకు కదులుతుండగా, రికార్డ్ చేసిన జతులు వినిపిస్తున్న లాప్‌టాప్ ఆగిపోయింది. అనన్య కాళ్లకింద పళ్లెం నిలిచిపోయింది.

"తకిట తకధిమి!"

భానుమతి గొంతు ఖంగుమంది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. చేతులతో తాళం వేస్తూ, జతులు చెబుతూ మెట్లెక్కి స్టేజీ మీదికి వెళ్లింది. అనన్య కళ్లు మెరిశాయి. పళ్లెం మళ్లీ కదిలింది. జతి వేగం పెరిగినకొద్దీ ఆ పిల్ల పాదాలు ఇంకా వేగం అందుకున్నాయి. ఆఖరి తాళానికి పళ్లెం టక్కున ఆగింది. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

చక్రపాణి మెల్లగా స్టేజీ దగ్గరికొచ్చాడు.

"భానూ, నువ్విప్పుడు కెనడాలో ఉన్నావు."

భానుమతి కిందికి చూసింది. గీత వెనకెక్కడో ఉంది. ఆయాసంతోనే నవ్వింది.

"ఉండనివ్వండి. ఇంకా మంగళం పాడాలి."