కాల్చకుండా వదిలిన గడ్డి

అగ్గిపిన్ని చేతిలో కాగడా పెట్టారంటే గడ్డి మొదలంటా కాలాల్సిందే. పదిహేనేళ్ళుగా ఆ గడ్డిమైదానాల ఆఫీసులో ఆవిడ పని అదే. ఎండలు ముదరకముందే, గడ్డి సగం పచ్చిగా ఉండగానే, చిన్న చిన్న మంటలు పెట్టి కాల్చేస్తారు. అలా కాల్చకపోతే నడివేసవిలో ఒక్క నిప్పురవ్వ చాలు, చెట్లూ జంతువులూ సమస్తం బూడిదే. పనయ్యాక రిజిస్టరులో 'ఎంత కాలింది' అన్న గడిలో ఆవిడ ఏటా రాసేది ఒకటే మాట: నూటికి నూరు. గొప్పా అంటే గొప్పే మరి! మిగతావాళ్ళు ఎనభై దగ్గరే చతికిలబడేవాళ్ళు.

ఆవేళ పొద్దున్నే బయల్దేరబోతుంటే అక్క కూతురు కంప్యూటర్ దగ్గరికి పిలిచింది. చెట్లకు కెమెరాలు కట్టి, ఎదురుగా ఏ జంతువు కదిలినా ఫొటో పడేలా చూడటం ఆ పిల్ల ఉద్యోగం.

"పిన్నీ, మన కుచ్చుతోక పిల్లల్ని పెట్టింది చూడు."

కుచ్చుతోక అంటే పిడికెడు జంతువు. తోక చివర కుచ్చు, పడిపోయిన దుంగ తొర్రలో కాపురం. ఫొటోలో దాని వెనకాలే రెండు పిల్లలు. పిన్ని మొహం చాటంత అయింది.

"నా తల్లే! అవునూ, కిందటేడు బోలెడుండేవి కదే, మిగతావేవీ?"

అక్క కూతురు నీళ్ళు నమిలింది. పిన్ని ఊరుకునే మనిషా? "నసక్కుండా చెప్పు!"

చేసేదిలేక పాత ఫొటోలు తెరిచింది. పిన్ని కాల్చిన నేల, నున్నగా, నల్లగా. నడుమ దుంగ మాత్రం చెక్కుచెదరలేదు. మంట తగలకూడదని చుట్టూ గడ్డి గీకింది పిన్నే. ఆ దుంగ ముందు ఒక పిల్లి, ఎవరింటి నుంచో తప్పిపోయి అడవిపట్టింది. తర్వాతి ఫొటోలో దాని నోట్లో కుచ్చుతోక. మర్నాడు ఇంకోటి.

"మంటకి ఒక్కటీ చావలేదు పిన్నీ. దాక్కోడానికి గడ్డిపరక లేక పిల్లి పాలయ్యాయి. బాధపడతావని చెప్పలేదు."

 పిన్నికి ముందు ఏడుపొచ్చింది, వెనకే కోపమొచ్చింది. "ఏడాదిపాటు దాచావా! బాధపడితే పడతాను, చస్తానా? ఈ పాటికి ఎన్ని బతికుండేవే!" అని కాగడా అందుకుని విసురుగా బయటికి నడిచింది.

ఆ రోజు మంచు ఆరకముందే అక్కడొకటీ ఇక్కడొకటీ మంట పెట్టింది. తడి గడ్డి దాకా వెళ్ళి అవే ఆరిపోయాయి. దుంగ చుట్టూ ఇరవై అంగల మేర గడ్డి అలాగే నిలబెట్టి, అంచుల్లో మంటని తడి గోనెతో కొట్టి కొట్టి ఆర్పింది.

సాయంత్రం జీపు దిగిన ఆఫీసరుగారికి ఒళ్ళు మండింది.

"ఏంటిది? సగం గొరిగిన తలలా ఉంది! ఎండలు ముదిరితే ఇదంతా అంటుకోదూ?"

"చుట్టూ నల్లనేలే కద సార్, మంట ఇటు రాదు. వారం ఆగండి, కుచ్చుతోకలు పిల్లికి చిక్కకుండా ఉంటాయేమో కెమెరాలో చూద్దాం."

"వారమే. ఆ తర్వాత ఇంకెవరిచేతైనా మొత్తం కాల్పిస్తా."

ఆ వారం పిన్నికి అన్నం సయించలేదు. పిల్లి గడ్డిలోకి దూరితే? ఆ తల్లి ఉసురు మళ్ళీ తనకేగా!

ఎనిమిదో రోజు ముగ్గురూ కంప్యూటర్ ముందు చేరారు. మొదటి ఫొటోలో నల్లనేల అంచున పిల్లి కూర్చుని ఉంది. మర్నాటి ఫొటోలోనూ ఉంది. మూడోనాడు, గడ్డిలో ఏదీ కంటబడక, వెనుదిరిగి పోతోంది. ఆ తర్వాత గడ్డిలోంచి కుచ్చుతోక, దాని వెనక ఒకటి... రెండు.

"రెండూ ఉన్నాయే!" అని పిన్ని అక్క కూతురి భుజం పట్టుకుని ఏడ్చేసింది. ఆఫీసరుగారు గొంతు సవరించుకుని రిజిస్టరు ముందుకు తోశారు. ఆవిడ 'అరవై' అని రాసింది.

"మిగతా నలభై?"

"అందులో కాపురముంది సార్."

పెన్ను ఇచ్చెయ్యబోయి ఆగింది. ఒక పేజీ వెనక్కి తిప్పి, కిందటేడు తాను రాసుకున్న నూటికి నూరు పక్కన 'ఇది నా తప్పు' అని రాసి సంతకం పెట్టింది.