ఎగ్జిట్ కొట్టని మురళీధర్

1987లో కోహ్కాలోని ఆ కంట్రాక్టరు ఆఫీసుకు ఉన్నది ఒక్కటే కంప్యూటరు. దాన్ని దారికి తెచ్చింది హైమవతి. నందిని గనుల నుంచి సున్నపురాయి లారీలు ఏ వేళకు రావాలో చెప్పే ప్రోగ్రామును ఆర్నెల్లు కూర్చుని బేసిక్‌లో రాసింది. ఆ సాయంత్రం యజమాని గురునాథరావుకు అది నచ్చితే ఆమె ఉద్యోగం పర్మనెంటు.

కొత్తగా చేరిన మురళీధర్‌కు పని నేర్పిందీ ఆవిడే. విద్య దాచుకోవడం తెలియని పిచ్చిది. బేసిక్‌లో ఉండగానే షెల్ అని కొడితే డిస్కులోని ఫైలును కాపీ చెయ్యమన్నా, చెరిపెయ్యమన్నా మిషను వింటుందనీ, పనయ్యాక ఎగ్జిట్ కొడితే మిషను జ్ఞాపకంలో ఉన్న మన ప్రోగ్రాము ఎక్కడిదక్కడే ఉంటుందనీ చూపించింది. అతను మొదటి సగం శ్రద్ధగా విన్నాడు. రెండో సగంలో ఆవిడ డబ్బాలోని పులిహోర మీద పడ్డాడు.

ఆ మధ్యాహ్నం ప్రోగ్రామును తెర మీదే వదిలి భోజనానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి తెర మీద తను కొట్టని వరుసలున్నాయి. ‘నందిని’ అన్న తన ఫైలును ‘మురళి’ పేరుతో ఫ్లాపీలోకి కాపీ చెయ్యమని ఒకటి. నందినిని చెరిపెయ్యమని ఇంకొకటి.

దీదీ దీదీ అంటూ చుట్టూ తిరిగినవాడు ఇంత పని చేశాడే అని హైమవతికి గుండె మండింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

అంతలో గురునాథరావును వెంటబెట్టుకుని మురళీధర్ వచ్చాడు. ప్రోగ్రాము తనదేననీ, దీదీ కాస్త సాయం చేసిందనీ దారంతా చెప్పినట్టే లోపలా చెప్పాడు. నాది అంది హైమవతి.

“అయితే మీ ఫైలేటో చూపించండమ్మా,” అన్నారు గురునాథరావు.

“అదెక్కడుంది సార్,” అన్నాడు మురళీధర్, వెతక్కుండానే.

హైమవతి కూర్చుని ఎగ్జిట్ కొట్టింది. ప్రోగ్రామును చూపమని మిషనుకు చెప్పింది. మొదటి వరుసలో తన పేరు, దాని కింద ఆర్నెల్ల పని తెర నిండా వచ్చాయి. వెంటనే మళ్ళీ డిస్కులో భద్రపరిచింది. గురునాథరావు మురళీధర్‌ను ఎగాదిగా చూసి, చెయ్యి చాచి అతని దగ్గరున్న ఫ్లాపీ తీసుకున్నారు.

మురళీధర్ మాత్రం తెరనే చూస్తున్నాడు.

“చెరిపేసింది ఎలాగొచ్చింది దీదీ?” అన్నాడు, ఎప్పుడూ అడిగినట్టే.

చెప్పడానికి అలవాటుగా నోరు తెరిచింది హైమవతి. మళ్ళీ మూసుకుంది.